కరెంటు పోతే ఆగే దాడి

దాడి సోమవారం ఉదయం తొమ్మిది గంటల నాలుగు నిమిషాలకు మొదలైంది. నాకు ఫోను వచ్చింది తొమ్మిదిన్నరకి.

"ఇంజినీరుగారూ, మన సైటు తెరుచుకోవట్లేదండి. తెల్లగా వచ్చి అలా నిలబడిపోతంది."

"ఎప్పట్నుంచండి?"

"ఇందాకణ్ణుంచండి."

ఇందాక అంటే ఎన్ని నిమిషాలో అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన గొంతు విని మానేశాను.

ఆయనది కడియం దగ్గర కాలవగట్టున మొక్కల నర్సరీ. నేను ఎంసీఏ పూర్తిచేసి, రాజమండ్రిలో మేడ మీద ఒక గది తీసుకుని, ఒక్క కంప్యూటరుతో కొట్లవాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెడుతున్న రోజులవి. మా వైపు బ్రాడ్‌బ్యాండు అప్పుడే వస్తోంది. వెబ్‌సైటు చేయడానికి పట్టే సమయం కంటే, అది ఎందుకో చెప్పడానికి పట్టే సమయమే ఎక్కువ. నా కస్టమర్లు నలుగురు: ఒక చీరల షాపు, ఒక కోచింగ్ సెంటరు, ఒక కల్యాణమండపం, ఈ నర్సరీ. మొదటి ముగ్గురూ తమ సైట్లు తామే చూసుకునేవారు కాదు. నర్సరీ ఆయన రోజుకి నాలుగుసార్లు చూసుకునేవారు.

సైటు చేసేటప్పుడు ఆయన పెట్టిన షరతులు రెండు. మొదటిది, నూట పద్దెనిమిది రకాల మొక్కల ఫొటోలూ మొదటి పేజీలోనే ఉండాలి. పేజీలుగా విడదీద్దామంటే ఒప్పుకోలేదు. "ఏ మొక్కని వెనకాల నిలబెట్టమంటారండి? అన్నీ నేను పెంచినవే కదా." రెండోది, ఎంతమంది చూశారో అడుగున అంకె కనపడాలి. అప్పట్లో సైకిలుకి బెల్లు ఉన్నట్టు ప్రతి సైటుకీ ఒక సందర్శకుల కౌంటరు ఉండేది. రెంటికీ తలూపాను. ఆ వయసులో నేను తలూపిన విషయాలన్నీ రాస్తే ఒక నోటుపుస్తకం సరిపోదు.

ఆ వారం సైటు పడిపోకూడని వారం. నాగపూర్ నుంచి ఒక లేఅవుట్ కాంట్రాక్టరు ఫోను చేశాడు. రోడ్ల పక్కన నాటడానికి మొక్కలు కావాలి. ఈ నర్సరీ సైటూ, అక్కడే మహారాష్ట్రలో ఉన్న ఇంకో నర్సరీ సైటూ చూసి, బుధవారం సాయంత్రానికి ఎవరో ఒకరికి ఖాయం చేస్తానన్నాడు. మా ఆయన దగ్గర మూడు వేల పొగడ మొక్కలు రెండేళ్లుగా కవర్లలోనే ఉన్నాయి. నిరుడు తీసుకుంటానన్నవాడు తీసుకోలేదు. వాటి వేళ్లు కవర్లు చీల్చుకుని నేలలోకి దిగుతున్నాయి. ఈ వానలకి కదిలించి పంపకపోతే అవి నర్సరీలోనే చెట్లయి కూర్చుంటాయి.

"బుధవారం దాకా సైటు నిలబడితే చాలండి," అన్నారాయన. "ఆ తరవాత అది పడుకున్నా నేనేం అనను."

మా సైటు ఉన్నది అమెరికాలో ఎక్కడో ఒక అద్దె సర్వరు మీద, ఇంకా వందల సైట్లతో కలిసి, తీర్థంలో సత్రం గదిలో పడుకున్నట్టు. పదకొండింటికి ఆ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీ సైటుకి అసాధారణమైన రద్దీ ఉంది, ఇది ఎవరో కావాలని చేస్తున్న దాడి కావచ్చు, మిగతా సైట్లకు ఇబ్బందిగా ఉంది, నలభై ఎనిమిది గంటల్లో అదుపు చేయకపోతే మీ సైటును మేమే తీసేస్తాం అని దాని సారాంశం.

ఇలాంటి దాడి గురించి నేను చదివి ఉన్నాను. ఇందులో ఎవరూ తాళం పగలగొట్టరు, ఏమీ ఎత్తుకుపోరు. మీ కొట్టుముందు వెయ్యిమంది నిలబడి 'ఇదెంత, అదెంత' అని ఊరికే అడుగుతూ ఉంటారు. నిజంగా కొనడానికి వచ్చినవాడు గుమ్మం దాకా రాలేడు. అంతే. నోటుపుస్తకం తెరిచి అనుమానితుల జాబితా రాశాను.

ఒకటి, మహారాష్ట్ర నర్సరీ. రెండు, రష్యా. అక్కడివాళ్లు ఇలాంటివి చేస్తారని పత్రికలో చదివాను. మూడు, ఈ సైటు పని తనకు రాలేదని అలిగిన కాకినాడ డిజైనరు. నాలుగు, నా ప్రోగ్రాములో తప్పు. నాలుగోదాన్ని కొట్టేశాను.

సర్వరులో ఒక చిట్టా ఉంటుంది. ఏ అడ్రసు నుంచి, ఏ సెకనుకి, ఎవరు ఏ పేజీ అడిగారో అన్నీ అందులో పడతాయి. తీసి చూస్తే, ఆ రద్దీ అంతా రెండే రెండు అడ్రసుల నుంచి వస్తోంది. ఒకటి వారం నుంచి రోజూ వస్తోంది. రెండోది ఆ ఉదయమే మొదలైంది. చిట్టాలో ఉండేది అమెరికా టైము కాబట్టి ప్రతి వరసకీ పన్నెండున్నర గంటలు కలిపి, పక్కన మన టైము రాసుకుంటూ వచ్చాను. అప్పుడు ఒక వింత కనిపించింది. మొదటి అడ్రసు రోజూ తొమ్మిదింటికి మొదలవుతుంది, సరిగ్గా పన్నెండింటికి ఆగుతుంది, మళ్లీ రెండింటికి అందుకుంటుంది.

రష్యావాళ్లు పన్నెండింటికి ఎందుకు ఆపుతారని ఆలోచిస్తుండగా మూడు గంటలైంది, నా గదిలో ఫ్యాను ఆగింది. రాజమండ్రిలో ఆ వేసవికి రోజూ మూడు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. నాలుగింటికి కరెంటు రాగానే చిట్టా మళ్లీ తీశాను. రెండో అడ్రసు మూడింటికి ఆగి, నాలుగింటికి మొదలైంది.

నర్సరీకి ఫోను చేశాను. "మీ ఊళ్లో కరెంటు ఎప్పుడు తీస్తారండి?"

"పన్నెండుకి తీసి రెండింటికి ఇత్తారండి. ఏంటండి, మన సైటు మా కరెంటుతో నడుత్తందా?"

జాబితాలోంచి రష్యాను కొట్టేశాను.

మంగళవారం ఉదయం మొదటి బస్సుకి వెళ్లాను. ఆ ఊళ్లో నెట్ సెంటరు ఒక్కటే ఉంది, బస్టాపు పక్కన. లోపల ఆరు కంప్యూటర్లు, ఆరింటి ముందూ మనుషులు లేరు. ప్రతి తెరా తొమ్మిది గళ్లుగా చీలి ఉంది. ప్రతి గడిలోనూ మా నర్సరీ సైటు తనంతట తానే వచ్చి, పోయి, మళ్లీ వస్తోంది. నలభై ఏళ్ల నెట్ సెంటరాయన కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"రండి రండి ఇంజినీరుగారూ. మీ సైటుకే సేవ చేత్తన్నానండి."

"ఏంటండి ఈ సేవ?"

"కౌంటరండి."

విషయం ఇదీ. నెల కిందట టిఫిన్ హోటల్లో నర్సరీ ఆయన ఇడ్లీ తింటూ, ఏరువాక పున్నమికల్లా తన సైటు లక్షమంది చూస్తారని ఒక మాట అని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. ఎదురుగా కూర్చున్న ఎరువుల కొట్టాయన లక్ష ఈ జన్మకి దాటదన్నాడు. నెట్ సెంటరాయన దాటుతుందన్నాడు. మా డెల్టాలో ఒకడు అవునని ఇంకొకడు కాదన్నాక మూడోవాడు ఊరుకోడు. టీ చల్లారేలోపు హోటలు రెండు పక్షాలైంది, సాయంత్రానికి ఊరు. ఓడిన పక్షం, గోదావరికి ఎర్రనీరు తగలగానే, గెలిచిన పక్షానికంతా పులస చేప పులుసు పెట్టాలి. మాట అన్న నర్సరీ ఆయన మాత్రం ఏ పక్షంలోనూ లేరు. పందెం సంగతి ఆయనకు తెలిసేసరికి ఆయన్ని అడిగేవాళ్లు లేరు.

ఆ ఏరువాక పున్నమి, బుధవారం.

"ఎనభై నాలుగు వేలైందండి," అన్నాడు నెట్ సెంటరాయన. "ఇంకా రెండు రోజులుంది. కొట్టేత్తాం."

"మరి రాజమండ్రి నుంచి వస్తున్నది ఎవరండి?"

"అది ఎరువుల కొట్టాయన గ్రూపండి. అల్లుడికి అక్కడ నెట్ సెంటరుంది కదా. నిన్న మొదలెట్టారు. మనసు మారి మాకు సాయం చేత్తన్నారనుకున్నాను మొదట."

ఎరువుల కొట్టాయన యూరియా బస్తాల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏమీ దాచలేదు. "పెంచడానికి కాదండి, ఆపడానికి. శనివారం సైటు ఒక పావుగంట పడిపోయింది చూడండి, అంకె కదల్లేదు. అప్పుడు తట్టింది నాకు. ఎక్కువమంది ఒకేసారి పడితే సైటు పడుకుంటాది, పడుకుంటే అంకె నిలబడిపోద్ది. రేపు సాయంత్రం దాకా పడుకోబెడితే మేం గెలిచినట్టే."

నేను చదివినవాటిలో ఇలాంటిది ఎక్కడా లేదు. ఒక సైటు మీద రెండు పక్షాలు ఒకే ఆయుధంతో పడుతున్నాయి, ఒకరు దాన్ని లేపడానికి, ఒకరు దాన్ని కూల్చడానికి. దెబ్బ మాత్రం సైటుకి ఒకేలా తగులుతోంది.

"నాగపూర్ కాంట్రాక్టరు రేపటిలోగా సైటు చూడాలండి. చూడకపోతే నర్సరీ ఆయన పొగడ మొక్కలు అన్నీ ఉండిపోతాయి," అన్నాను.

ఆయన కాలు దించాడు. "అయ్యయ్యో. ఆయనంటే నాకెంత గౌరవమండి. వాళ్లమ్మాయి పెళ్లిలో వడ్డనంతా దగ్గరుండి చూసింది నేనే. ఆ నెట్ సెంటరోణ్ణి ఆపమనండి, నేనూ ఆపేత్తాను."

నెట్ సెంటరాయన దగ్గరికి వెళ్తే, "ఆయ్, తప్పకుండానండి. ముందు ఆయన్ని ఆపమనండి," అన్నాడు. ఎండలో అటు మూడుసార్లు, ఇటు రెండుసార్లు తిరిగాను. నర్సరీ ఆయన కూడా ఇద్దరికీ ఫోను చేశారు. ఇద్దరూ 'ఆయ్, అలాగేనండి' అన్నారు. మా వైపు 'ఆయ్' అంటే విన్నామని అర్థం. చేస్తామని ఎక్కడా లేదు.

ఇక రక్షణ చర్యలు నేనే మొదలుపెట్టాను. నర్సరీ వరండాలో ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఆ రెండు అడ్రసుల నుంచి ఎవరూ రాకుండా సర్వరుకి చెప్పాను. సైటు వెంటనే లేచింది. అయిదు నిమిషాలకి మళ్లీ పడింది. అక్కడ నెట్ సెంటరాయన పేజీ రాకపోయేసరికి మోడెం పాడైందనుకుని ఆపి మళ్లీ వేశాడట, రాజమండ్రిలో అల్లుడూ అదే చేశాడట. బ్రాడ్‌బ్యాండు మోడెం ఆపి మళ్లీ వేస్తే కొత్త అడ్రసు వస్తుంది. వాళ్లు దాడి చేసేవాళ్ల పుస్తకాలేవీ చదవలేదు, అలవాటుగా స్విచ్చి నొక్కారంతే.

ఈసారి ఆ రెండు అడ్రసులే కాకుండా వాటి చుట్టుపక్కల అడ్రసులన్నీ మూసేశాను. సైటు నిలబడిందని కాకినాడలో స్నేహితుడికి ఫోను చేసి నిర్ధారించుకున్నాను. పదకొండు నిమిషాలు చాలా సంతోషంగా ఉన్నాను. తర్వాత నర్సరీ ఆయన తన సైటు చూసుకుందామని నా పక్కన కూర్చున్నారు. తెర మీద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. ఆయన భార్యని పిలిచారు. ఆవిడ హిందీ పరీక్షలు రాష్ట్రభాష దాకా ప్యాసైనవారు, ఇంగ్లీషూ బాగానే వచ్చు.

"ప్రవేశం నిషేధం అని ఉందండి," అన్నారావిడ.

"నా నర్సరీలోకి నాకా?"

ఊరంతా ఒకే టెలిఫోను లైను గుంపులో ఉంది. నేను ఊరికి ఊరినే బయట పెట్టాను. ఆయన ఒక్కరికీ దారి ఇస్తానని చెప్పాను.

"మరి ఊళ్లోవాళ్లకండి?"

"వాళ్లకి కుదరదండి. దాడి చేస్తున్నది వాళ్లే."

"దాడేంటండి. ఆడుకుంటన్నారు. గేటు దాకా వచ్చినోణ్ణి రావద్దని బోర్డు పెడతామా? రేపు నేను ఆ హోటల్లో ఇడ్లీ ఎలా తినాలండి?"

తెరిచాను. ఇక మిగిలిన దారి కౌంటరు తీసేయడం. తీసేశాను. అంకె లేకపోతే పందెమే లేదు. పావుగంటలో నర్సరీ గేటు దగ్గర పాతికమంది ఉన్నారు. నెల రోజుల్లో రెండు పక్షాలూ ఒక మాట మీద ఉన్నది అప్పుడే.

"ఏంటండి ఇది? బరిలో ఉన్న కోణ్ణి ఎత్తుకుపోతారా?" అన్నాడు నెట్ సెంటరాయన.

"నేను ఓడిపోయినా పర్లేదండి. అంకె చూడకుండా ఓడిపోవడం మటుకు నా వల్ల కాదు," అన్నాడు ఎరువుల కొట్టాయన.

కౌంటరు మళ్లీ పెట్టాను. వాళ్లు వెళ్లిపోయారు. సైటు పడిపోయింది.

నర్సరీ ఆయన కుర్చీ కాలవవైపు తిప్పుకున్నారు. "ఇంజినీరుగారూ, వరదొచ్చినప్పుడు కాలవ లాకుల దగ్గర ఏం చేత్తారండి?"

"నీళ్లు ఆపుతారు."

"ఆపితే గట్టు తెగుద్దండి. మిగులు నీళ్లకి వేరే తోవ చూపిత్తారు. వీళ్లకి కావాల్సింది నా మొక్కలు కాదు కదా, ఆ అంకె. దాన్ని తీసుకెళ్లి ఇంకెక్కడైనా పెట్టండి. వాళ్లు అక్కడికే పోతారు."

నేను రెండు రోజులుగా చదివిన వ్యాసాల్లో ఇదే సంగతి పద్దెనిమిది పేజీల్లో ఉంది. ఆయనకి కాలవ పక్కన పుట్టడం సరిపోయింది. ఉచితంగా చోటిచ్చే ఒక పెద్ద కంపెనీ సర్వరు మీద ఫొటోలూ ఏమీ లేకుండా ఒక ఖాళీ పేజీ పెట్టి, మధ్యలో కౌంటరు పెట్టాను. పాత అంకె దగ్గర్నుంచే మొదలయ్యేట్టు చూశాను. నర్సరీ సైటు అడుగున దానికి ఒక లింకు ఉంచాను. ఇద్దరికీ కొత్త చిరునామా ఇచ్చి వచ్చాను. నెట్ సెంటరాయన పేజీ చూసి, "శుభ్రంగా ఉందండి, మొక్కలు అడ్డం లేకుండా," అన్నాడు.

బుధవారం ఉదయం నేను మళ్లీ నర్సరీకి వెళ్లేసరికి మొక్కల సైటు గాలి కూడా తగలనంత ప్రశాంతంగా ఉంది. అటు కొత్త సర్వరు ఎంత గట్టిదంటే, రెండు నెట్ సెంటర్లు కలిసి పడినా దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. అంటే, కూల్చడానికి ఎరువుల కొట్టాయన గ్రూపు చేస్తున్న ప్రయత్నమంతా అంకెని పెంచుతోంది. పన్నెండు నుంచి రెండు దాకా ఊళ్లో కరెంటు లేనప్పుడు కూడా రాజమండ్రి నుంచి శత్రువులే దాన్ని ముందుకు తోశారు. ఈ సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

కాంట్రాక్టరు నుంచి మాత్రం కబురు లేదు. నర్సరీ ఆయన మధ్యాహ్నం అన్నం సగంలో లేచారు. మూడింటికి మడుల్లోకి వెళ్లి ఒక పొగడ మొక్క కవరు పట్టుకుని కదిపి చూశారు. కదల్లేదు. "పట్టేసిందండి," అని వచ్చి టెలిఫోను పక్కన కూర్చున్నారు.

నాలుగూ పదికి రోడ్డు మీద గోల వినిపించింది. ఊళ్లోవాళ్లు నలభై యాభైమంది గేటు తోసుకుని వచ్చారు. ముందు నెట్ సెంటరాయన, పక్కనే ఎరువుల కొట్టాయన.

"తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా బానే ఉందండి," అన్నాడు నెట్ సెంటరాయన. "తరవాత సున్నాలొచ్చినియ్యి. అయిదు సున్నాలు."

కౌంటరు చేసినప్పుడు అంకెలకి అయిదు గళ్లే పెట్టాను. ఒక నర్సరీ సైటుకి అంతకంటే ఎందుకని లెక్క వేసుకున్నాను. జాబితాలో నాలుగోది కొట్టేయకుండా ఉండాల్సింది.

"లక్ష అయినట్టే," అని ఒక పక్షం. "లక్ష ఎక్కడుందో చూపించు," అని రెండో పక్షం. "సున్నా అంటే ఓటమే," అని ఒకరు, "సున్నా ముందు ఒకటి ఉంది, ఈయన తినేశాడు," అని నన్ను చూపిస్తూ ఇంకొకరు. ఆ గోల మధ్యలో టెలిఫోను మోగింది. నాగపూర్.

నర్సరీ ఆయనకి హిందీ రాదు. ఆవిడ తీసుకున్నారు. రెండు నిమిషాలు విని, రిసీవరు మీద చెయ్యి పెట్టి ఇటు తిరిగారు. "సైటు చూశాడంట. మొక్కలు బాగున్నాయంట. కింద లింకు నొక్కితే, చూసినవాళ్లు నలభై ఒక్కమందే అని వచ్చిందంట. నిన్న గాక మొన్న పెట్టిన దొంగ కంపెనీ కాదు కదా అంటన్నాడు."

రెండేళ్ల మొక్కలు ఆ నలభై ఒకటి దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

"ఇక్కడెంతమంది ఉన్నారో వినిపించు," అన్నారు నర్సరీ ఆయన. ఆవిడ రిసీవరు గేటువైపు చాపారు. వినిపించింది. ఆవిడ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఎవరు వీళ్లంతా అంటన్నాడు."

"సైటు చూసినవాళ్లని చెప్పు."

"అందరూ ఒకేసారి వచ్చారా అంటన్నాడు."

"అదే కదా మన బాధ. ఒకేసారే వచ్చారని చెప్పు."

"మొక్కలు కొనడానికేనా అంటన్నాడు."

ఈసారి ఆయన ఏమీ చెప్పలేదు. అవునంటే సరిపోయేది. గోల కూడా కాస్త తగ్గింది, వాళ్లకీ ఏదో అర్థమైంది. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసి, ఫోనులోకి తిరిగి, 'నహీ' అన్నారు. ఆ తర్వాత పరీక్షలో వ్యాసం రాసినట్టు శుద్ధమైన హిందీలో మొత్తం చెప్పడం మొదలుపెట్టారు. పందేనికి మాట తెలియక కోళ్ల దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. పులసకి మాట లేక, సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేప అని వర్ణించారు. ఎనిమిది నిమిషాలు పట్టింది. యాభైమందీ తమకు రాని భాషలో తమ కథ నోరెళ్లబెట్టుకుని విన్నారు.

ఆవిడ ఆగి అటు విన్నారు. "నవ్వుతన్నాడు," అన్నారు. ఇంకాసేపు విన్నారు. "ఒక అంకె కోసం పనులు మానుకుని వారం కూర్చున్న ఊరంటే, మొక్కల్ని కూడా తీరిగ్గానే పెంచి ఉంటారు అంటన్నాడు. లారీ వేసుకుని శుక్రవారం తనే వత్తాడంట. వేరు చూసి తీసుకుంటాడంట."

పందెం తీర్పు కూడా ఆ గేటు దగ్గరే అయిపోయింది. రెండు పక్షాలూ ఏకగ్రీవంగా అయిదు గళ్లు పెట్టినవాడు ఓడిపోయాడని తేల్చాయి. ఎర్రనీరు వచ్చాక పులస పెట్టాల్సింది నేను. నేను పందెంలో లేనని చెప్పాను. "ఆయ్," అన్నారు.

శుక్రవారం కాంట్రాక్టరు వచ్చాడు. లావుపాటి మనిషి, నెమ్మది. ఒక కవరు లేపించి వేరు చూశాడు, ఇంకోటి లేపించాడు, తలూపాడు. మబ్బు కమ్ముకొస్తుంటే ఊళ్లోవాళ్లే వచ్చి మడి నుంచి లారీ దాకా వరసగా నిలబడ్డారు. కవరు ఎత్తినప్పుడల్లా నేలలోకి దిగిన వేరు పుటుక్కున తెగేది. నర్సరీ ఆయన ప్రతి చప్పుడుకీ కళ్లు మూసుకునేవారు. పక్కపక్కన నిలబడిన నెట్ సెంటరాయనా ఎరువుల కొట్టాయనా మొక్కలు అందుకుంటూ ఎవరి లెక్క వాళ్లు పైకి చదివారు. వెయ్యి దాటాక రెండు లెక్కలకీ పొంతన కుదరలేదు. నేను లెక్కపెడతానని పుస్తకం తీస్తే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు.

సాయంత్రానికి లారీ తాళ్లు బిగించుకుని కదిలింది. అందరూ వెళ్లిపోయారు. పొగడ మడి ఖాళీగా ఉంది, నేలంతా గుండ్రటి తడి మచ్చలు, వాటి మధ్యలో తెల్లటి వేరు ముక్కలు. నర్సరీ ఆయన పైపు లాక్కుని వచ్చి రోజూ లాగే మొదటి వరస నుంచి నీళ్లు పెట్టడం మొదలుపెట్టారు. మూడో వరసకి వచ్చేసరికి ఆవిడ వరండాలోంచి చూశారు.

"ఏవండీ, అక్కడ మొక్కలేవండి?"

ఆయన ఒక క్షణం ఆగి, పైపు పక్క మడిలో మందారాలవైపు తిప్పారు.